వానకు ముందు కప్పిన పట్టలు

మార్చిలో అద్దంకి దాటి పల్లెల్లోకి పోతే కంటికి ఎరుపు తప్ప మరో రంగు ఆనదు. నల్లరేగడి మీద ఎకరాలకొద్దీ మిరపకాయ ఆరబోసి ఉంటుంది. బస్సులో కిటికీ పక్కనున్నవాడు తుమ్ముతాడు, అతని పక్కవాడు దగ్గుతాడు, కండక్టరు మాత్రం ఏమీ కానట్టు చిల్లర అడుగుతాడు. అలాంటి బస్సొకటి నల్లగుంటపాడు దగ్గర చెడిపోతే దిగి ఊళ్ళోకి నడిచాను. దేశదిమ్మరికి బస్సు చెడిపోవడం నష్టం కాదు, ఒక ఊరు అదనంగా దొరకడం.

ఊరి మొదట్లోనే ఒక కల్లంలో యాభై ఏళ్ళ ఆడమనిషి నీలం పట్ట ఒకటి నేల మీద పరుచుకుని, దాని చిరుగుకి సైకిలు ట్యూబు ముక్క అతికిస్తోంది. పట్ట అంటే టార్పాలిన్. ఈ సీమలో మబ్బు కనబడితే రైతు మొదట అరిచే మాట అదే. ఆమె ముందు సైదా అనే కౌలు రైతు చేతులు కట్టుకుని నిలబడి తిట్లు తింటున్నాడు.

"చిరిగితే అతుకేసి తెమ్మన్నానా లేదా? ఊరందరి పట్టంటే నీకంత అలుసైపోయిందా?"

"కుక్క లాగిందక్కా."

"కుక్కకి తీర్మానం చదివి వినిపించలేదు, నిజమే. నీకు వినిపించాం కదరా."

ఆమె ఆ ఊరి సర్పంచ్ జయకుమారి. ఆ పట్ట తుఫానుల కోసమని ప్రభుత్వం పంచాయతీకిచ్చిన డబ్బుతో కొన్నది. అది ఆ కల్లంలో, సైదా మిరపకాయ మీద ఉండటం రూలుకి విరుద్ధం. ఈ ముక్క నేనడక్కుండానే ఆమే చెప్పింది, చెప్పి, ఏం చేసుకుంటావో చేసుకో అన్నట్టు నా మొహంలోకి చూసింది. నేనేదో ఆఫీసునించి వచ్చినవాడిననుకుంది. కాదని తెలిశాక మంచినీళ్ళిచ్చింది.

జయకుమారిది పాలెం, ఊరి చివర దళితులుండే వాడ. అక్కడి ఇళ్ళన్నీ చర్చి చుట్టూ ఉంటాయి. అక్కడివాళ్ళు తరతరాలుగా ఊరి మిరపచేలల్లో వంగి కోసినవాళ్ళే. ఆమె పదేళ్ళ వయసులో కోతకి దిగింది, ముప్పై దాటేసరికి ముఠా మేస్త్రి అయింది. ముఠా మేస్త్రి అంటే ఆడవాళ్ళందరినీ పొద్దున్నే లేపి ఆటో ఎక్కించి, రైతుతో కూలి మాట్లాడి, ఎవరికి ఒంట్లో బాగాలేదో ఎవరు నటిస్తున్నారో మొహం చూసి చెప్పేసే మనిషి. సేనాధిపతుల గురించి చాలా చదివాను గాని, వాళ్ళెవరికీ నెలల పిల్లని చంకనేసుకుని యుద్ధానికి వచ్చే సైనికులు లేరు. జయకుమారికి ఉన్నారు. భర్త ఫిలిప్ గుంటూరు మిర్చి యార్డులో హమాలీ. ఇద్దరికీ మిరప ఘాటు ఎంత అలవాటంటే, పండక్కి కొత్తబట్ట కట్టుకున్నా మడతల్లోంచి అదే వాసన.

సర్పంచ్ పదవి ఆడవాళ్ళకి, అందులోనూ ఎస్సీలకి రిజర్వైనప్పుడు పాలెం అంతా ఆమెనే నిలబెట్టింది. అంతకుముందు కూడా ఒకసారి ఆ పదవి ఎస్సీలకి వచ్చింది. అప్పుడు ఏసోబు అనే పెద్దమనిషి గెలిచాడు. చాలా మంచివాడు. సంతకం ఆయనది, చెక్కుబుక్కు మాత్రం వెంకటనారాయణగారి బీరువాలో ఉండేది. వెంకటనారాయణకి మిరప ఇరవై ఎకరాలు, పత్తి అంతకంటే ఎక్కువ, కోల్డ్ స్టోరేజీలో వాటా. కబురొస్తే ఏసోబు వెళ్ళి వరండా మెట్టు మీద కూర్చుని సంతకం పెట్టి వచ్చేవాడు. దేనికి పెడుతున్నాడో ఎవరూ చెప్పలేదు, ఆయనా అడగలేదు.

జయకుమారి గెలిచిన వారంలోనే ఆమెకీ కబురొచ్చింది. సంతకం కావాలంటే ఆఫీసుకి రమ్మని తిరుగు కబురు పంపింది. అది ఊళ్ళో నెలరోజులు చెప్పుకున్న మాట. చివరికి వెంకటనారాయణ ఆఫీసుకి వచ్చాడు, బయటే నిలబడి మాట్లాడి వెళ్ళాడు. ఆ రోజునించీ ఆ చెక్కుబుక్కు పంచాయతీ ఆఫీసు దాటలేదు. పల్లెల్లో 'చెక్ పవర్' అంటారే, పంచాయతీ డబ్బు మీద సంతకం పెట్టే అధికారం, అది ఆమెకి పదవికంటే ముఖ్యం. పదవి ఎవరైనా ఇస్తారు, సంతకం మనదైతేనే అది మనకిచ్చినట్టు అని ఆమె లెక్క.

ఇక తుఫాను సంగతి. ఆమె సర్పంచ్ అయ్యాక వచ్చిన ఒక డిసెంబరు తుఫానులో వాగు పొంగి ఊరి పల్లపు చేలన్నీ మునిగాయి. పత్తి తీతకి ఆదోని వైపునించి వచ్చిన కూలీలు చేలగట్ల మీద చీరలూ యూరియా సంచులూ కట్టి గుడారాలేసుకుని ఉన్నారు. గాలికి అవన్నీ లేచిపోయాయి. పంచాయతీ ఆఫీసు వెనక గదిలో ఎప్పుడో ప్రభుత్వమిచ్చిన పట్టలూ తాళ్ళూ ఉన్నాయని అప్పుడు ఎవరికో గుర్తొచ్చింది. తాళంచెవి అప్పటి సెక్రటరీ దగ్గరుంది. ఆయన పిల్లల కోచింగని గుంటూరు బ్రాడీపేటలో కాపురముంటున్నాడు. ఫోను కలవలేదు. తాళం పగలగొట్టారు. లోపల పట్టలున్నాయి, ఎలకలు కొరికి జల్లెడ చేసి పెట్టాయి. ఎలకలు వదిలేసినవి మడతలమ్మట విరిగిపోయాయి. తాడు లాగితే పీచుపీచుగా చేతికొచ్చింది. ఆ కూలీల్లో ఒకామె బిడ్డ పుట్టి వారం కాలేదు. ఆ బిడ్డకి దొరికిన పట్ట ముక్కే చుట్టి చర్చికి చేర్చారు.

ఆ బిడ్డ బతికిందా అని నేనడిగాను.

"బతికింది. మా గొప్పేం లేదులెండి," అంది జయకుమారి.

నందన కరువు రోజుల గురించి వేటపాలెంలోని పాత గ్రంథాలయంలో కూర్చుని ఒక ఎండాకాలమంతా చదివాను. రెండొందల ఏళ్ళ కిందట ఇదే గుంటూరు సీమలో జనం దారుల వెంట రాలిపోయారు. చదువుతున్నకొద్దీ నాకు పట్టుకున్న ఆలోచన ఒకటే, ధాన్యం లేకపోవడం వేరు, ఉన్న ధాన్యానికీ ఆకలికీ మధ్య ఎవడి అనుమతో అడ్డుండటం వేరు అని. కరువు పోయింది, దొరలు పోయారు. ఆ అడ్డు మాత్రం తాళంకప్ప రూపంలో ఊరూరా మిగిలింది. నాకు తాళాలంటే మొదటినించీ గిట్టదు కాబట్టి ఈ విషయంలో నా మాట కొంచెం తగ్గించి వినాలి.

తుఫాను తర్వాత వాగు పక్క ఊళ్ళకి ప్రభుత్వం 'విపత్తు సన్నద్ధత నిధి' అని కొంత డబ్బిచ్చింది. కొత్తగా వచ్చిన సెక్రటరీ గీతాంజలి చీరాల పిల్ల, నేతగాళ్ళింటి బిడ్డ. రూళ్ళన్నీ ఆమె చదివి చెప్పింది. పట్టలు, తాళ్ళు, టార్చిలైట్లు, మైకుసెట్టు కొనచ్చు. బియ్యం కొనకూడదు. కూలి ఇవ్వకూడదు. మరమ్మతులకి వాడకూడదు. కొన్న సరుకు విడిగా గదిలో సీలువేసి ఉంచాలి, జిల్లా ఆఫీసు విపత్తు ప్రకటించాకే బయటికి తీయాలి, మరే పనికీ వాడకూడదు.

చివరిది విని జయకుమారి ఇంకోసారి చదవమంది. గీతాంజలి చదివింది.

"అంటే మళ్ళీ ఎలకలకే కొంటున్నామా?" అంది జయకుమారి.

నలభై పట్టలు కొన్నారు. తెల్లరంగుతో పంచాయతీ పేరు రాయించారు. గ్రామసభ పెట్టి తీర్మానం చేశారు. పట్టలు ఊరివాళ్ళు వాడుకోవచ్చు. సొంత పట్టల్లేని కౌలు రైతులకి ముందు. చిరిగితే అతుకెయ్యాలి, ఆరబెట్టి మడవాలి. మైకులో పిలిచిన రోజున మాత్రం కింద మిరపకాయున్నా బంగారమున్నా వదిలేసి, పట్ట లాక్కుని బడి దగ్గరికి తెచ్చెయ్యాలి. గీతాంజలి భయపడుతూనే రాసింది. మగ్గం కూడా నడుస్తుంటేనే మగ్గమండీ, ఆపితే చెదలకి కట్టె అని ఆమే నాతో అంది గాని, ఆ మాట తీర్మానంలో రాయలేదు.

ఈ సీమలో చేబదులు అనేది ఒక శాస్త్రం. డబ్బుకే కాదు, స్ప్రేయరుకీ, గొర్రుకీ, నిచ్చెనకీ, పెళ్ళికి నగలకీ చేబదులుంటుంది. దానికి రాయని చట్టం ఒకటే, తీసుకున్నవాడే తిరిగివ్వాలి. మధ్యలో వస్తువు పదిచేతులు మారినా సరే, మొదట నీ చేతికొచ్చిందా, చివరికి నీ చేత్తోనే వెళ్ళాలి. లేకపోతే మాట పోతుంది. పట్టలు రెండేళ్ళు ఈ చట్టం మీదే నడిచాయి. మధ్యలో రెండుసార్లు మైకులో పిలిచి చూస్తే రెండుసార్లూ గంట తిరక్కుండా బడి దగ్గర పడ్డాయట.

దీనివల్ల ఒక్కరికే నష్టం. వెంకటనారాయణ మిరప కాలంలో పట్టలు అద్దెకిచ్చేవాడు. అద్దెకడిగేవాళ్ళు తగ్గారు. విపత్తు సామగ్రి దుర్వినియోగమవుతోందని ఆయన అర్జీ పెట్టాడు. అర్జీలో అబద్ధం ఒక్కటీ లేదు, అదే దానికున్న బలం.

విచారణకి దుర్గాప్రసాద్ అనే అధికారి వచ్చాడు. అప్పటికి నేను ఆ ఊళ్ళో చర్చి వసారాలో మకాం పెట్టి నాలుగోరోజో ఐదోరోజో. ఆయన చెడ్డవాడని చెప్పలేను. ఎండలో మోటారు సైకిలు మీద వచ్చి, టీ కూడా వద్దని, పని మొదలుపెట్టాడు. సరుకంతా ఒకచోటికి తెప్పించి లెక్క చూపిస్తే సీలువేసి వెళతానని, తక్కువైతే సర్పంచ్ దగ్గర వసూలు చేసి చెక్ పవర్ తీసేస్తారని చెప్పాడు. రూలెందుకు పెట్టారో కూడా చెప్పాడు. సముద్రం పక్క ఒక ఊళ్ళో ఇలాగే మంచిమనసుతో అందరికీ ఇచ్చుకున్నారట. తుఫాను రోజున గది తెరిస్తే ఖాళీ. ఒక ముసలాయన తాడు అందక కొట్టుకుపోయాడట.

"ఆయన్ని నేను చూశానమ్మా, దొరికాక," అన్నాడు.

ఆ ఊళ్ళో ఖాళీ గది, మా ఊళ్ళో ఎలకల గది, రెండింట్లోనూ తాడు అందలేదు కదండీ అంది జయకుమారి. రూలు నేను రాసింది కాదు అన్నాడాయన. ఆ మాట ఈ దేశంలో నేను వినని ఆఫీసు లేదు.

మైకులో చెప్పించారు. పంచాయతీ పట్ట తీసుకున్నవాళ్ళంతా మధ్యాహ్నానికి తెచ్చి అప్పగించాలి, జయకుమారికి మాట రాకుండా చూడాలి అని. ఆ రెండో ముక్క మైకు పట్టుకున్నవాడు సొంతంగా కలిపాడు. అదే కొంప ముంచింది.

పట్టలు రావడం మొదలైంది. భుజాల మీద, సైకిళ్ళ మీద, ఆటోల్లో, ట్రాక్టరు మీద. ఎర్రగా, మిరప ఘాటుతో. దుర్గాప్రసాద్ ముక్కుకి జేబురుమాలు కట్టుకుని లెక్కపెట్టించాడు. నలభై అయింది. గీతాంజలి ఊపిరి వదిలింది. ఇంకా వస్తూనే ఉన్నాయి. నలభై ఐదయింది. ఎవరో చాలు ఆపండ్రా అన్నారు. మొత్తం యాభై మూడు తేలాయి.

ఏం జరిగిందో తర్వాత సామ్రాజ్యమనే కౌలు రైతు చెబితే అందరికీ అర్థమైంది. ఆమె తీసుకున్న పట్ట సైదాకి చేబదులిచ్చింది. సైదా కాయ తోలుకుని గుంటూరు యార్డుకి వెళ్ళాడనుకుని, మాట పోకూడదని తన సొంత పట్ట, మొన్న కొన్నది, తెచ్చి అప్పగించింది. సైదా ఊళ్ళోనే ఉన్నాడు. అతనూ తెచ్చి అప్పగించాడు. ఇలా ఊళ్ళో చాలాచోట్ల, ఇచ్చినవాళ్ళూ తెచ్చారు, పుచ్చుకున్నవాళ్ళూ తెచ్చారు. తెల్లరంగు పేర్లు ఎండకీ కారానికీ ఎప్పుడో పోయాయి. అన్నీ నీలం, అన్నీ ఎరుపెక్కినవే.

దుర్గాప్రసాద్ కాసేపు పట్టలకేసి, కాసేపు ఆకాశంకేసి చూశాడు.

"తక్కువొస్తే ఏం రాయాలో తెలుసమ్మా. ఎక్కువొస్తే ఏం రాయాలి?"

"మా ఊరివాళ్ళు మంచోళ్ళని రాయండి సార్."

"దానికి కాలమ్ లేదు."

పైకి ఫోను చేశాడు. పైవాళ్ళకీ ఇలాంటిది ఎప్పుడూ తగల్లేదు. లెక్కకి మించిన సరుకు అంటే ఏదో పెద్ద మోసమే అయి ఉంటుందని వాళ్ళకి అనుమానం. స్టోరులో దొరికినదంతా ప్రభుత్వ ఆస్తి, తేలేవరకూ మొత్తానికి సీలు వెయ్యమన్నారు. యాభై మూడూ గదిలోకి వెళ్ళాయి. తలుపుకి తాళం, తాళం మీద గుడ్డ, గుడ్డ మీద లక్క. ఒక కాగితం మీద జయకుమారి సంతకం తీసుకున్నారు. సీలు చెదరకుండా కాపాడితే ఇప్పటిదాకా జరిగింది మందలింపుతో పోతుంది, చెదిరితే చెక్ పవర్ పోతుంది.

సాయంత్రం వెంకటనారాయణ వచ్చాడు, ఈసారి ఆఫీసు లోపలికి. సీలు వేసిన గదిలో ఆయనవి కూడా రెండు పట్టలున్నాయి. ఆయన కల్లంలో పనిచేసేవాళ్ళు పంచాయతీ పట్టలు తెచ్చి వాడుకుంటూ, పిలుపు రాగానే గాభరాలో అయ్యగారివి కూడా మోసుకొచ్చి ఇచ్చేశారు.

"నావి రెండు ఇప్పించమ్మా జయా. కాయ కల్లంలో ఉంది."

"గవర్నమెంటు ఆస్తి నేనెట్టా ఇస్తానండీ పెద్దాయనా. మొన్న అర్జీ పెట్టారు గదా, చెయ్యి తిరిగే ఉంటది. ఇంకోటి పెట్టండి."

వాకిట్లో నిలబడ్డ సామ్రాజ్యం కొంగు అడ్డం పెట్టుకుంది. వెంకటనారాయణ కండువా దులుపుకుని వెళ్ళిపోయాడు. జయకుమారికి మాత్రం నవ్వు రాలేదు. ఊరి పట్టల్లో మంచివన్నీ ఆ గదిలో ఉన్నాయి, కల్లాలన్నీ నోరు తెరుచుకుని ఉన్నాయి.

రెండు రోజులు ఎండ కాసింది. మూడోరోజు మధ్యాహ్నం ఉక్కపోత మొదలైంది. పడమట ఒక నల్లటి గీత లేచింది. ఫోన్లలో పిడుగుల హెచ్చరికలు టంగుమన్నాయి. మిరపకాయ తడిస్తే తెల్లబారిపోతుంది, దాన్ని తాలు అంటారు. యార్డులో తాలుకాయకి ధర సగం కూడా పలకదు. సొంత పొలమున్నవాడు ఓ ఏడాది ఏడుస్తాడు. కౌలువాడికి ఆ ఏడుపుకి కూడా వ్యవధి ఉండదు.

గీతాంజలి జిల్లా ఆఫీసుకి ఫోను చేసింది. తేలికపాటి జల్లులకి అవకాశం ఉందని మాత్రమే సూచన వచ్చిందని, విపత్తు ప్రకటించలేదని, ప్రకటించే ఉద్దేశం కూడా లేదని అవతలివాళ్ళు చెప్పారు. మళ్ళీ చేసింది. అదే మాట. ఆఫీసు ముందు జనం పోగయ్యారు. ఎవరూ ఏమీ అడగలేదు. అడిగితే జయకుమారికి ఏం పోతుందో అందరికీ తెలుసు. సైదా మాత్రం, వదిలెయ్యక్కా, చీరలేవో కప్పుకుంటాం, నీ సంతకం పోగొట్టుకోకు అన్నాడు. ఆ మాట అన్నవాడి కల్లంలోనే అరవై టిక్కీల కాయ, అంటే అరవై బస్తాలు, ఆకాశం కింద ఉంది.

జయకుమారి గీతాంజలిని పిలిచి, అద్దంకిలో ఏదో మీటింగుందన్నావు కదా, బస్సు వచ్చే టైమైంది, పో అంది. మీటింగు మర్నాడు అని గీతాంజలి అంది. ఇవాళే పో, మీ అమ్మానాన్నలు మగ్గం మీద చదివించారు నిన్ను అంది జయకుమారి. ఆ పిల్ల కదల్లేదు. చివరికి బయటికి నడిచి, బస్సెక్కకుండా బడి అరుగు మీద కూర్చుంది.

జయకుమారి మైకు తీసుకుంది.

"నేను జయకుమారిని మాట్లాడుతున్నా. మన ఊళ్ళో విపత్తు వచ్చింది. జిల్లావాళ్ళకి ఇంకా కనపళ్ళేదు, నాకు కనపడింది. గది సీలు నేనే పగలగొడుతున్నా, నా చేత్తోనే, నేనొక్కదాన్నే. రేపెవరైనా అడిగితే అదే చెప్పండి. ముందు కోతకొచ్చిన కూలీల గుడారాలకి, తర్వాత కౌలోళ్ళ కల్లాలకి, మిగిలితే మిగతావాళ్ళకి."

లక్క మీద గుండ్రాయితో కొట్టింది. తాళం గట్టిది, ఊడలేదు. గొళ్ళెమే తలుపునించి ఊడొచ్చింది. ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వలేదు. పట్టలు మాత్రం జనం మోశారు. వెంకటనారాయణ మనుషులు దూరంగా నిలబడ్డారు. మిగిలినవాటిలోంచి రెండు వాళ్ళ వైపు విసిరించి, తీసుకుపొమ్మంది, అయ్యగారికి అద్దె లేదని చెప్పమంది. మబ్బు నెత్తి మీదికి వచ్చేసరికి ఊరి ఎరుపంతా నీలంగా మారిపోయింది. నేనెన్నో ఊళ్ళు చూశాను. కళ్ళముందే రంగు మార్చుకున్న ఊరిని అదొక్కటే చూశాను.

గాలి లేచింది. దుమ్ము లేచింది. చినుకులు పడ్డాయి, పెద్దవే, పట్టల మీద టపటపమని. ఊరంతా తలెత్తి చూసింది. చినుకులు ఆగిపోయాయి. మబ్బు సముద్రం వైపు జరిగిపోయి, పొద్దుగుంకే ముందు ఎండ కూడా కాసింది.

వాన రాలేదు.

నిజం చెప్పాలంటే, కథ రాసేవాడిగా నాకు వాన కావాలి. ఆమె తాళం పగలగొట్టినందుకు ఆకాశం సాక్ష్యం చెప్పాలి. చెప్పలేదు. పట్ట కప్పిన కాయ, కప్పని కాయ ఒకేలా ఉన్నాయి. కొందరికి నవ్వొచ్చింది. వెంకటనారాయణ వాకిట్లో కూర్చుని, నాలుగు చినుకులకి చెక్ పవర్ పోగొట్టుకుంది అన్నాడట. జయకుమారి మాత్రం కల్లం కల్లానికీ తిరిగి, పట్టలు తీసి ఆరబెట్టి మడవండి, తడిమీద మడిస్తే బూజు పడుతుందని చెప్పి ఇంటికి వెళ్ళింది.

షోకాజ్ నోటీసు వచ్చింది. విచారణకి జిల్లా ఆఫీసుకి ఆమె, గీతాంజలి, నేను బస్సులో వెళ్ళాం. నాకు అక్కడ పనిలేదు. తలుపు తీసే ఉంది కాబట్టి వరండాలోంచి వినబడింది. పై అధికారిణి నెమ్మదస్తురాలు, గొంతు పెంచలేదు. పక్కన దుర్గాప్రసాద్ కూర్చున్నాడు.

"మీ మంచితనం మీద నాకు అనుమానం లేదమ్మా. కానీ ఆ రోజు వానే పడలేదు కదా," అందామె.

"పడలేదండి."

"మరి సీలు ఎందుకు తీసినట్టు?"

"వాన పడ్డాక కప్పితే దాన్ని ఏమంటారండీ? నిధి పేరేమో సన్నద్ధత అని పెట్టారు. నేను చదువుకోలేదు, మా సెక్రటరీని అడిగితే ముందే తయారుగా ఉండటమని చెప్పింది. మీ రూలేమో మునిగాక తియ్యమంటంది. నాకు రెండూ ఒకచోట కుదర్లేదు. అందుకని పేరునే పాటించాను."

అధికారిణి, రూలు మార్చే అధికారం తనకి లేదని, జయకుమారి అన్నది పైకి రాస్తానని చెప్పింది. పైకి రాసినవి ఎక్కడికి వెళతాయో నాకు తెలియదు. ఎక్కడో ఒక గదిలో ఉంటాయి. ఒక దారి మాత్రం ఉందట. జరిగింది పొరపాటేనని, ఇకమీదట ఇలా చేయనని ఒక కాగితం రాసిస్తే మందలించి వదిలేస్తారు, చెక్ పవర్ జోలికి పోరు.

ఇలా అడుగుతారని ఊహించి గీతాంజలి ఆ కాగితం రాసే తెచ్చింది. రాత్రి కూర్చుని రాసిందట, మర్యాదగా, ఎక్కడా లొంగినట్టు లేకుండా. జయకుమారి చదివించుకుని వింది. బాగుందంది. కలం తీసుకుని, చివరి వాక్యం కొట్టేసి, దాని కింద తనకొచ్చిన పెద్దపెద్ద అక్షరాల్లో రాసింది. 'మళ్ళీ మబ్బు పట్టితే మళ్ళీ తీస్తాను.' సంతకం పెట్టింది. ఏసోబుగారి సంతకం నేను పాత కాగితాల్లో చూశాను, ఎంతో అందమైనది. ఈమెది కంచె వేసినట్టుంటుంది.

దుర్గాప్రసాద్ ఆ కాగితం తీసుకుని చదివి, బల్ల మీద పెట్టి, మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు.

"ఇది ఇస్తే పోతుందమ్మా. వేరేది రాయించుకురండి, సాయంత్రం దాకా ఉంటాను."

"అందినట్టు ముద్ర వేసివ్వండి సార్. మా బస్సు మూడింటికే."

ఆయన ముద్ర వేశాడు. ఆమె నిలబడే తీసుకుంది.

తిరుగు బస్సులో గీతాంజలి కిటికీ వైపు తిరిగి ఏడ్చింది. జయకుమారి ఆ పిల్లకి జామకాయలు కొనిపెట్టి, ఊరొచ్చేదాకా ముఠాలో కొత్తగా చేరిన కోడలిపిల్ల ఎంత తొందరగా కోస్తుందో చెబుతూనే ఉంది. మధ్యలో ఒక్కసారి మాత్రం ఆగి, ఏసోబు మామ బతికుంటే తిట్టేవాడంది. తర్వాత, కాదులే, తిట్టేవాడు కాదంది.

ఉత్తర్వు ఏప్రిల్లో వచ్చింది. ఆర్నెల్లపాటు చెక్ పవర్ సర్పంచ్ నుంచి తీసి సెక్రటరీకి ఇచ్చారు. అది అందే సమయానికి జయకుమారి ముఠాతో ఆఖరి కోతలో ఉంది. గీతాంజలి చెప్పులు చేత్తో పట్టుకుని చేలోకి నడిచి వెళ్ళింది. ఆడవాళ్ళంతా వంగినవాళ్ళు లేచి నిలబడ్డారు. జయకుమారి చదవమంది. ఆ పిల్ల మొత్తం చదివింది.

"అంతేనా?"

"అంతేనండి."

"పట్టల సంగతి ఏమన్నా రాశారా?"

గీతాంజలి మళ్ళీ పైనించి కిందిదాకా చూసింది. పట్టలు సీలు చెయ్యమని ఉంది గాని, గొళ్ళెం ఊడిన తలుపుకి సీలు పడదు, దాన్ని బాగుచేయించే డబ్బు ఎక్కణ్ణించి తేవాలో రాయలేదంది. ఈ నిధిలోంచి మరమ్మతులకి ఇవ్వకూడదు కదా అంది.

"కూడదు మరి. రూలు రూలే," అంది జయకుమారి. నడుం మీద ఒడి సర్దుకుంది. "సామ్రాజ్యానికి రెండు పట్టలు కావాలంట, పొద్దున అడిగింది. పోతా పోతా ఇచ్చెళ్ళు. చిరుగు లేనివి చూసివ్వు."

ముఠా మళ్ళీ వంగింది. గీతాంజలి చెప్పులు వేసుకుని గట్టెక్కింది.